పంతొమ్మిదో పేరు

ఎదుర్లంక వంతెన దిగి యానాంలోకి రాగానే
ఎడం పక్క టైర్లు వేలాడే కొట్టు నాది.
పంచరు ఎవరి బండికైనా ఒకటే అంటుంటాను.
నిన్నటిదాకా అది నిజమే.

నిన్న మధ్యాహ్నం పాత లూనా నెట్టుకుంటూ
పెసింగి జకరయ్య మాస్టారు వచ్చాడు.
దేశం జట్టుకి ఆరేళ్ళు కోచ్.
వెనక చక్రంలో గాలి లేదు.

ఆయన నాకంటే పన్నెండేళ్ళు పెద్ద,
బురద మాత్రం ఒకటే.
పాటు తీసినప్పుడు రేవు కింద
గౌతమి మాకో మైదానం అప్పిచ్చేది,
పోటు రాగానే అడక్కుండా తీసేసుకునేది.
గడియారం ఏటిదే. ఈలా ఏటిదే.
రెండు సరుగుడు కర్రలు పాతితే గోలు.
బంతి లేని రోజు పంపరపనస కాయ,
తంతే బొటనవేలు వాచేది,
పగిలితే ఆట ఆపి తినేవాళ్ళం.
మాస్టారు చిన్నప్పుడు తినేవాడు కాదట.
తొనలు బురద మీద పరిచి
పదకొండు మందిని నిలబెట్టేవాడట.
ఎండుచేపల బుట్టతో అటు నడిచిన మా అమ్మ
చూసుకోక రక్షణ పంక్తి అంతా తొక్కేసిందట.
"ఆ కుర్రాడు ఏడవలేదురా,
మళ్ళీ పేర్చుకున్నాడు" అనేది.

తర్వాత ఖరగ్‌పూర్, రైల్వే జట్టు.
మోకాలు పోయింది, మెడలోకి ఈల వచ్చింది.
ఆ ఈల ఊళ్ళు తిరిగి తిరిగి
ఒకరోజు దేశానికి వినబడింది.

నేనూ వెళ్ళాను, గోల్‌కీపర్ని,
చేతికి మా నాన్న వలతాడు కట్టుకుని.
శిబిరంలో నలభై రోజులు
ఆయన నాతో తెలుగు మాట్లాడలేదు.
నలభై ఒకటో రోజు పొద్దున
పద్దెనిమిది పేర్లు చదివి కాయితం మడిచాడు.
ఆ మడతలో నేనున్నాను.

సొంతూరివాణ్ణి తీసుకుంటే నలుగురూ ఏమంటారోనని
భయపడ్డాడని ఊళ్ళో చెప్పాను.
ఇరవై ఆరేళ్ళు, పంచరుకొచ్చిన ప్రతివాడికీ,
గాలి కొడుతూ, గాలితో పాటే.

ఎక్కడో ఎడారి దేశంలో ఆయన జట్టు
ఐదు గోళ్ళు తిన్న రాత్రి
టీ కొట్టులో టీవీ ముందు ఊరంతా తలదించుకుంది.
ఐదో గోలుకి నేను చప్పట్లు కొట్టాను.
గట్టిగా కాదు.
కొట్టాను.
తీసేశారన్న సంగతి ఆయనకి
విమానం దిగాక సామాన్ల దగ్గర
ఎవరో పేపరతను చెప్పాడట.
ఒక సంచి, ఒక ఈల. యానాం బస్సు.

నిన్న ట్యూబు తీసి బేసిన్లో ముంచాను.
ఆయన గొంతుక్కూచుని నీళ్ళే చూశాడు.
బుడగ ఎక్కడ లేస్తే చిల్లు అక్కడ,
దానికి సాక్షులక్కర్లేదు.
నేను తలెత్తలేదు.
అడగాల్సిన మాటలు
నోట్లో మేకుల్లా పెట్టుకుని ఉన్నాను.

"నూకరాజూ" అన్నాడు.
"బంతి కాలు వదలకముందే కదిలిపోయేవాడివిరా.
ఎడమకే. ప్రతిసారీ."

తెలుగులో. ఇన్నేళ్ళకి.
క్షమాపణ కాదు, జాలీ కాదు,
నిన్న సాయంత్రమే ప్రాక్టీసు అయినట్టు
ఒక తప్పు దిద్దాడంతే.

"అరవై అండి" అన్నాను.
వంద ఇచ్చాడు.
చిల్లర లెక్కపెట్టుకుని మరీ తీసుకున్నాడు.
లూనా కూత పెట్టుకుంటూ ఏటిగట్టు ఎక్కింది.

చీకటి పడ్డాక షట్టరు సగం దించాను.
పక్క వీధి పిల్ల, కొల్లాటి వాళ్ళ చిన్నది,
రంగు పోయిన బంతితో ఎదురుగా నిలబడి
"మావా, కాసుకో" అంది.
గ్రీజు చేతులు చాచి నిలబడ్డాను.
ఆ పిల్ల కాలి వైపే చూశాను.
ఎడమకి వెళ్ళమని మోకాలు గుంజింది,
ఆపాను.
బంతి వదిలింది.
అప్పుడు కదిలాను.

షట్టరు వీధంతా మోగింది.
గోలే.
అయినా
ముందు కదల్లేదు.