నీళ్లు రాని రోజు

సంతాప సభలో వేదిక మీద
సీసా నీళ్లు వరసగా పెట్టారు.
ఆయనే ఉంటే ముందు వాటిని తీయించేవాడు,
తర్వాత మైకు.

బిందుమాధవరావు గారు,
జలమండలిలో ముప్పై నాలుగేళ్లు, చివరి ఆరేళ్లు డైరెక్టరు,
అని చదువుతున్నాడు ఒక అబ్బాయి.
అతనికి కాగితం తెలుసు.
నేను వెనక వరసలో, తలుపు పక్కన.
వాల్వులు తిప్పేవాణ్ని.
సర్వీసు రిజిస్టరులో నా పేరు ఏదో ఉంది,
గల్లీలో మాత్రం నల్లా మైసయ్య.

నాకు తెలిసిన సారు
రాత్రి రెండింటికి మెహదీపట్నం రోడ్డు మీద
బోర్లా పడుకుని ఉన్నాడు.
ఇనుప కడ్డీ ఒక కొస తారుకు, ఒక కొస చెవికి.
లారీలను నేను ఆపుతున్నాను.
"మైసయ్యా, కింద ఎవడో
పళ్ల సందున ఈల వేస్తున్నాడు, వచ్చి విను."
నాకు ఇంజన్ల మోతే వినిపించింది.
తెల్లారి అక్కడే తవ్వాం.
నా తొడంత లావు పాత పైపు,
వెంట్రుకంత పగులు,
దాంట్లోంచి గండిపేట నీళ్లు
ఎవరి అనుమతీ లేకుండా మట్టికి పోతున్నాయి.
సారు చొక్కాకు అంటిన తారు
ఆ చొక్కా చిరిగేదాకా పోలేదు.

ఇది కాగితంలో లేదు.
ఇంకోటి కూడా లేదు.

మంజీర అడుగు ఇసుక కనిపించిన ఎండాకాలం,
ఆసుపత్రికి నీళ్లు చాలక
గుట్ట మీది బస్తీ లైను కట్టేయమని సంతకం పెట్టాడు.
తిప్పింది నేను.
పదకొండో రోజు యాకూబ్ బీ వచ్చింది.
ప్యూను ఆపేలోపే లోపలికి పోయి
ఫైళ్ల మీద ఖాళీ బిందె పెట్టింది.
"దీంట్ల మీ సంతకం పొయ్యండి సారూ."
అంతే. వెళ్లిపోయింది. బిందె ఉండిపోయింది.
మంత్రి వచ్చిన రోజు ప్యూను దాన్ని బీరువా వెనక దాచబోతే
"ఉండనీ, అది నా పై అధికారి" అన్నాడు.

ఎన్నో ఏళ్ల తర్వాత, ఛాయ్ తాగుతూ, ఉన్నట్టుండి:
"నాలుగు రోజులు చాలేది మైసయ్యా.
మిగతా ఏడు రోజులు
మళ్లీ తెరవమని రాయడం మర్చిపోయాను."
నేను ఏమీ అనలేదు.
గుర్తు చేయడం నేనూ మర్చిపోయాను మరి.

రిటైరయ్యాక ఊరుకున్నాడా?
కార్పొరేషన్ ఎన్నికల్లో నిలబడ్డాడు.
నల్లా గుర్తు అడిగితే
అది అప్పటికే ఇంకెవరికో పోయిందట, గొడుగు ఇచ్చారు.
జీవితమంతా నీళ్లు తెచ్చినవాడికి గొడుగు!
రెండు వందల పన్నెండు ఓట్లు.
"మన వార్డులో ఇంతమంది తడవకూడదనుకుంటున్నారు" అని
పడీపడీ నవ్వాడు.
మర్నాడు పొద్దున్నే గుట్ట మీది బస్తీలో
సంపు కడిగించడానికి పోయాడు,
యాకూబ్ బీ మనవడి స్కూటరు వెనక,
ఒడిలో బ్లీచింగు సంచి పెట్టుకుని.

పోయింది మంగళవారం.
ఆయన సందుకు రోజు విడిచి రోజు నీళ్లు.
మంగళవారం రాని రోజు.
తాళం చెవి నా భుజం మీదే ఉంది.
పదిహేడు చుట్లు, ఎంతసేపు?
ఇంటి ముందు పాడె కడుతున్నారు,
వాకిట్లో డ్రమ్ము సగమే ఉంది,
వాళ్లబ్బాయి నా వైపు చూశాడు, అడగలేదు.
వాల్వు దాకా పోయాను.
మూత తీశాను.
చెవి మొనను గుంటలో దించాను కూడా.

ఇక్కడ తిప్పితే చివరి సందులో ఎవరికి తగ్గుతుందో
నాకు నేర్పింది ఎవరు?
మూత పెట్టేశాను.
సగం డ్రమ్ముతోనే స్నానం చేయించారు,
చెంబుతో, పొదుపుగా.
చేసింది సరైనదో కాదో ఇప్పటికీ తెలియదు.
రాత్రి మాత్రం అన్నం దిగలేదు.

మైకులో రెండు నిమిషాల మౌనం అంటున్నారు.
అందరూ లేచారు, తలలు దించారు.
బయట, హాలు వెనక ఎక్కడో,
నల్లా సరిగ్గా కట్టలేదు ఎవరో.
సన్నగా, పళ్ల సందున ఈల.

అందరి కంటే ముందు
నేను బయటికి నడిచాను.