కొసరు

నెలాఖరు రాత్రి, షట్టరు సగం దించాక
ఏడురోడ్ల జంక్షన్ పక్క మా షాపులో
నా పని మొదలవుతుంది.
కందిపప్పు ప్యాకెట్టు మీద నూట ఎనభై అని రాస్తాను.
దాన్ని ఎర్రగీతతో అడ్డంగా కొట్టేస్తాను.
కింద, లావుగా, నూట నలభై తొమ్మిది.
నిన్నటిదాకా అది నూట నలభై ఐదే.
నూట ఎనభై ఏనాడూ లేదు.
పుట్టని ధరకి నేనే పురుడు పోసి
నేనే పాడె కడతాను.

ఒకటో తారీకు పొద్దున్నే అసిరమ్మ వస్తుంది,
బడిలో పిల్లలకి అన్నం వండే మనిషి.
ఆటోకి పది మిగులుతాయని
గుజరాతీపేట నుంచి నడిచే వస్తుంది.
పదిహేనొందలకి కొంటే కిలో పంచదార తొమ్మిది రూపాయలు.
ఆవిడ చీటీలో ఉన్నది పదకొండొందల సరుకు.
మిగతా నాలుగొందల కోసం
వరసల మధ్య, పోయిన మేకని వెతికినట్టు తిరుగుతుంది.
రెండు ఫినాయిళ్ళకి ఒకటి ఊరికే.
పాలలో నానేసుకునే అటుకుల్లాంటివేవో పెద్ద డబ్బా.
ఎవరు తింటారని అడిగితే
"ఏటో, మా గుంటడు తింటాడేమో."

బిల్లు అడుగున అచ్చయి వచ్చింది:
ఈరోజు మీ ఆదా నాలుగొందల పన్నెండు.
"ఏదమ్మీ ఆ నాలుగొందల పన్నెండూ? సేతిలో ఎట్టు."
కౌంటరు కుర్రాడు త్రినాథ నవ్వీసాడు.
ఆవిడ నవ్వలేదు. పర్సు బోర్లించింది.
"పద్దెనిమిదొందలతో వచ్చినాను. రెండొందల పదున్నాది.
ఆదా అయితే పెరగాల కదేటి?"

అలాగని గున్నయ్య కొట్టు గొప్పదని అనను.
తక్కెడ పళ్ళెం కింద చింతపండు ముద్ద
అతికించి దొరికిపోయిన మనిషి.
తూచాక మాత్రం గుప్పెడు కొసరు వేసేవాడు.
ఆ గుప్పెడూ ఆ చింతపండు బరువేనని
ఆయనకీ తెలుసు, అసిరమ్మకీ తెలుసు.
మోసానికి అప్పుడో మొహం ఉండేది,
ఎదురుగా నిలబడి తిట్టడానికి వీలుగా.

నిజం చెప్పొద్దూ, ఒక్కసారి ఆవిడా గెలిచింది.
ఇరవై రోజుల్లో గడువు తీరే నూనె, ఒకటికి ఒకటి.
ఆరు ప్యాకెట్లు మోసుకెళ్ళి
వీధిలో మూడిళ్ళకి పంచి, డబ్బులు వసూలు చేసి
తన వాటా సగం ధరకి దక్కించుకుంది.
ఆ రోజు చీటీలో ఉన్నది నూనె. కొన్నదీ నూనే.
బిల్లు అడుగున ఏం రాసుందో
చూడనే లేదు.

ఇంటికెళ్ళే ఆటోలో చూసుకున్నాను,
మోచేతికి అంటుకుని వచ్చేసింది ఓ స్టిక్కరు.
గిల్లి తీసాను. జిగురు పోలేదు.
మాది ఒకటే గది,
నేలంతా కలిపి నాలుగు బారలు.
మంచం కింద ఫినాయిలు సీసాలు ఏడు.
స్టాఫుకి ఇంకో అయిదు శాతం
తగ్గిస్తారు మరి.