పేజీ వెనక రాత

ఎదెల్మీరా ల్యాండ్‌లైన్ నుంచి చేసి
ఒక్క మాటే చెప్పింది: "తెల్లగా ఉంది."

చిలోయే ద్వీపాల్లో తెల్లగా ఉండేవి తక్కువ.
ఆకాశం బూడిద, సముద్రం సీసం,
సహకార సంఘం షెడ్డు రేకులన్నీ తుప్పు.
వ్యాను ఇవతలి రేవులో పెట్టి
వానకి తడుస్తుందని లాప్‌టాప్ అందులోనే వదిలి
తాళంచెవి జేబులో వేసుకుని పడవెక్కాను.
ఆ తెలివికి తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

అవతల ఏడు పడవలు, ఇంజన్లు ఆపకుండా.
ఎర్ర పోటు వచ్చిందో పోయిందో
ఆరోగ్య శాఖ వారి పేజీ చెప్పాలి.
చెబితే ఆల్చిప్పలు తీస్తారు, లేదా ఇంటికి పోతారు.
చెప్పకపోతే డీజిల్ కాలుస్తూ కూర్చుంటారు.
"విషం ఎలాగూ కంటికి కనపడదు,
ఇప్పుడు విషం ఉందని చెప్పే కాగితమూ కనపడదు"
అన్నాడు రొసెందో, నావైపు చూడకుండా.
గాలికి టవర్ కూలి మూడ్రోజులు,
అందరి సెల్‌ఫోన్లూ టార్చిలైట్లే.

మూల బల్ల మీద ఆ యంత్రం.
మీటల సందుల్లో ఉప్పు.
మార్చకూడదా అని అడగబోయి
పక్కనున్న కాటా చూసి నోరు మూసుకున్నాను.
ఆ కాటా ఈ పెట్టెతో తప్ప ఎవరితోనూ మాట్లాడదు,
దాన్ని చేసిన కంపెనీ మూతపడి పదకొండేళ్లు.

మొదట గడియారం చూశాను.
రెండువేల మూడు, జనవరి ఒకటి.
కరెంటు పోయినప్పుడల్లా ఆ రోజుకే పారిపోతోందట.
పేజీ తన పత్రం చూపిస్తే
"నువ్వింకా పుట్టలేదు" అని గుమ్మంలోంచే తిప్పి పంపుతోంది.
లోపలి బొత్తాం బ్యాటరీ చచ్చింది.
జేబులోంచి వ్యాను తాళంచెవి తీసి
గోటితో దాని పొట్ట విప్పాను.
అదే సైజు.

తారీఖు నేటికి వచ్చింది.
సెట్టింగుల్లో అట్టడుగున ఒక గడికి టిక్కు పెడితే
అటూ ఇటూ చేతులు కలిశాయి.
పేజీ వచ్చింది,
తెల్లగా.

ఎడమ మూల చిన్న పసుపు త్రికోణం.
నొక్కితే: రెండువందల పన్నెండో వరుస.
ఇక్కడ ఒక వస్తువు ఉండాలి, లేదు.
దాచుకున్నవన్నీ చెరిపాను. మళ్లీ తెరిచాను.
స్క్రిప్టులు ఆపాను. ససేమిరా.
రాజధానిలో ఎవరో కుర్రాడు
రంగులు కదిలే మ్యాపు గీసి మురిసి ఉంటాడు.
ఈ ముసలి బ్రౌజరు తెలియని మాట దగ్గర ఆగి
ఆ తర్వాతదంతా మింగేసింది.
బడిలో నాకూ అలాగే అయ్యేది.

వెనక ఏడుగురి తడి కోట్లు. ఊపిరి. వెల్లుల్లి వాసన.
ఎవరూ ఏమీ అనరు. అంటే బాగుండు.

అప్పుడు కుడి మీట నొక్కి
పేజీ వెనక రాత తెరిచాను.
తెర నిండా కోణాల బ్రాకెట్లు, ముళ్లు,
ఎవరెవరో పెట్టుకున్న పొట్టి పేర్లు.
చిక్కుపడ్డ వల విప్పినట్టు కిందికి, ఇంకా కిందికి.
మూడువందల నలభయ్యో వరుసలో
రంగు లేదు, మ్యాపు లేదు,
రెండు బ్రాకెట్ల మధ్య మామూలు మాటల్లో ఉంది:
నాలుగో సెక్టారు. ఆల్చిప్పలు. మూసివేత.
ఈ ఉదయం ఆరింటి నుంచి.

పైకి చదివాను. నాలుగు అనేచోట గొంతు పట్టింది.
రొసెందో వచ్చి తెర మీద వేలు పెట్టి
ఆ వరుసని తనే మళ్లీ చదివాడు.
ఎవరి మాటా నమ్మే మనిషి కాదు.
తర్వాత బయటికెళ్లాడు.
ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి.
ఐదోది కాసేపు దగ్గి ఆగింది.

ఎదెల్మీరా అట్టముక్క మీద రాసుకుంది:
కుడి మీట. వెనక రాత. నాలుగు కోసం వెతుకు.
బట్టల క్లిప్పుతో తెరకి తగిలించింది.
"మ్యాపు ఎప్పుడొస్తుంది?"
"రాకపోవచ్చు."
"పోనీలే. మా సెక్టారు ఎక్కడుందో మాకు తెలుసు."

డబ్బుతో పాటు ఓ సంచెడు బంగాళాదుంపలిచ్చింది,
వంకాయ రంగువి.
రేవు చేరేసరికి చీకటి.
వ్యాను ముందు నిలబడి అలవాటుగా మీట నొక్కాను.
దీపాలు వెలగలేదు.
మళ్లీ నొక్కాను, తెలిసి కూడా.
ఆ తర్వాత పక్కన మడిచి ఉన్న ఇనప నాలుకని లాగి
తలుపు కన్నం కోసం
వానలో వేలితో తడుముకున్నాను.