రెండు ఒడ్ల బోర్డు

పార్క్‌లేన్‌లో మూడో అంతస్తు. లిఫ్ట్ పని చెయ్యదు.
మోయిజ్ భాయ్ కొట్టు ముందు సర్వర్ల గుట్ట,
గచ్చిబౌలి అద్దాల మేడల్లోంచి
కాలం తీరి దిగినవి.
ఒక్కో పెట్టె మీదా ఎవరిదో కంపెనీ స్టిక్కర్
సగం గీకి వదిలేసింది.

"ఎన్ని కోర్లు కావాలమ్మా? ఇరవై రెండువి ఉన్నయ్.
జోడీ వేస్తే నలభై నాలుగు" అన్నాడు,
జామపళ్ళు అమ్మినట్టు.

నేను కాగితం తీశాను.
మూసీ పొడుగునా అయిదు మీటర్ల గళ్ళు గీసి
గడిగడికీ నీరెంత, ఎటు, ఎంత వేగం అని
లెక్క కట్టడం నా పని.
ఆఫీసు ఆ ప్రాజెక్టు మూసేసింది.
వాన మాత్రం ఏ ఫైలూ మూయలేదు.

"నలభై నాలుగొద్దు భాయ్.
మంది ఎక్కువైతే మజ్జిగ పలచన.
ప్రాసెసరుకి మెమరీ దారులు నాలుగే కదా,
ఇరవై రెండు బిందెలు ఒక్క నల్లా దగ్గర
వరస కడితే ఏం లాభం?
పన్నెండు కోర్లవి ఇవ్వు. చురుకైనవి.
రెండూ అచ్చం ఒకే రకం."
"మా గల్లీ నల్లా చూసినట్టే చెప్తున్రు" అని నవ్వాడు.

అసలు తగవు బోర్డుల దగ్గర.
చవకదొకటుంది: సాకెట్లు రెండే గానీ
మెమరీ స్లాట్లు ఒకదాని పక్కన నాలుగు,
రెండోదాని పక్కన రెండే.
నాకు మూసారాంబాగ్ కాజ్‌వే గుర్తొచ్చింది.
అటు ఒడ్డువాడి బియ్యం ఇటు ఒడ్డున ఉంటే
వంతెన మునిగిన రోజు వాడేం తింటాడు?
ఏ ఒడ్డు గింజలు ఆ ఒడ్డునే ఉండాలి.
వంతెన మాట్లాడుకోడానికి.

పెద్ద బోర్డు పదకొండున్నర వేలు.
మామూలు కేబినెట్లో పట్టదు.
"ప్లైవుడ్ మీద బిగించుకుంటా."
"పవర్ సప్లైకి ఎనిమిది పిన్నుల తీగలు రెండుండాలె, యాదుంచుకోన్రి.
ఒక్కటే పెడితే రెండోది పండుకుంటది."

మూత తీసి చూస్తే
రెండు వేల పదకొండు పిన్నుల్లో
ఒక్కటి వంగి ఉంది.
వద్దనబోయాను.
అతను సొరుగులోంచి
వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసిన భూతద్దం తీసి
కంటికి బిగించుకుని, పక్క కొట్లో సూది అడిగాడు.
ఊపిరి ఇద్దరం బిగబట్టాం.
పిన్ను లేచింది.
"వారంటీ లేదు" అన్నాడు,
అడక్కుండానే అయిదొందలు తగ్గించాడు.

రాత్రి చాదర్‌ఘాట్‌లో, వంటింటి గట్టు మీద,
మొదటిసారి ఆన్ చేస్తే ఒక్కటే లెక్కకొచ్చింది.
విప్పి, తుడిచి, బఠాణీ గింజంత పేస్టు పెట్టి
మళ్ళీ బిగించాను.
తెరమీద: రెండు.
ఫ్యాన్లు ఒక్కసారిగా అరిచాయి.
కింది వాటా బాలమణి మెట్లెక్కి వచ్చింది,
నీళ్ళ మోటారు కట్టెయ్యడం మరిచానేమోనని.

ఆమె కుట్టుమిషన్ పోయినేడు వానలో మునిగింది.
ఇప్పటికీ తొక్కితే ఇసక రాలుతుంది.
నీలం గళ్ళు గల్లీ వెంట గల్లీ నింపుకొస్తుంటే
నడుం మీద చెయ్యేసుకుని చూసింది.
"మన గడప యాడుంది?"
చూపించాను. ఇంకా తెల్లగానే ఉంది.
లెక్కలో అప్పటికి రాత్రి ఒంటిగంట నలభై,
వాన తగ్గలేదు.

ఆమె కుర్చీ లాక్కుంది.
"నిమ్మళంగ కానియ్యి," అంది,
"నాకేం నిద్రొస్తలేదు."