ఈసారి డ్రిల్లు తేలేదు

ఈసారి డ్రిల్లు తేలేదు నేను.
మూడు చిన్న పెట్టెలు, మూడు రిమోట్లు,
బూట్ల మీద తొడుక్కునే నీలం సంచులు, అంతే.

గ్లేస్ బేలో జనవరి.
ఒడ్డున గడ్డకట్టిన సముద్రం
తెల్లారగట్ల నుంచీ పళ్ళు నూరుతోంది.
తలుపు తీసింది ఎఫీ, మోచేతుల దాకా పిండితో.
"ఎన్ని పెట్టాలి?"
"నాకు వంటింట్లో ఒకటి. మర్డాక్‌కి కింద. హెక్టర్‌కి పైన.
నా తమ్ముళ్ళిద్దరూ ఒక సోఫా మీద కూర్చుని
రెండేళ్ళు దాటిందిలే."

కారణం అడగలేదు. ఊరందరికీ తెలిసిందే.
లాబ్‌స్టర్ల పడవ.
ఒకడు అమ్మేశాడు. ఒకడు అమ్మొద్దన్నాడు.
డబ్బు మాత్రం ఇద్దరూ ముట్టుకోలేదట.

పెద్ద పెట్టె హాల్లోనే ఉంటుంది.
రికార్డయిన ఆటలన్నీ దాని కడుపులో.
మిగతావి గాల్లోంచి అందుకుని తింటాయి.
నేనీ పనిలో చేరిన రోజుల్లో
గాలికి ఇంత తెలివి లేదు.
గదికో తీగ, తీగకో కన్నం.
ఈ ఇంటికి నేను పెట్టిన కన్నాలు ఐదు,
అందులో ఒకటి వంకర. అప్పుడు కొత్త.

వంటింట్లో ఎర్ర దీపం ఆకుపచ్చయింది, చిటికెలో.
కింద గదిలోనూ అంతే.
పైన మాత్రం మొరాయించింది.
పాతకాలపు గోడ, సున్నం వెనక ఇనప జాలీ,
పక్కనే స్నానాల తొట్టి, అదీ ఇనుమే.
కిటికీలో పెట్టాను, బీరువా మీద పెట్టాను,
హెక్టర్ తన టోపీ తీసి ఆ మేకుకు వేలాడదీయమన్నాడు.
ఉహుఁ. ఒక్క గీత. అదీ వణుకుతూ.

చివరికి నేల మీద, మూలన, గొట్టం పక్కన.
అక్కడే ఉంది నా వంకర కన్నం.
నేల చీల్చుకుని కింద మర్డాక్ గదిలోకి తేలేది.
దాన్నిండా ఎవరో కుక్కిన బూడిదరంగు మేజోడు.
సంకేతం అందులోంచి వచ్చిందని నేననను.
మాకు ట్రైనింగులో అలా చెప్పలేదు.
కానీ పెట్టె అక్కడ పెట్టగానే
ఐదు గీతలూ వెలిగాయి.

తప్పు నాదే, రిమోట్లు తారుమారు చేశాను.
హెక్టర్ మీట నొక్కాడు.
పైన ఏమీ కదల్లేదు.
కింద హాకీ పోయి కర్లింగ్ వచ్చింది.
ఇంకోసారి నొక్కాడు. కింద ఎవరో కేకు కోస్తున్నారు.
చీపురు కర్రతో సీలింగు మీద దబదబా మూడు దెబ్బలు,
మా కాళ్ళ కింద నేల అదిరింది.
సరిచేస్తానని చెయ్యి చాపాను.
హెక్టర్ రిమోట్ ఇవ్వలేదు.
"కాసేపు ఇలాగే ఉండనీ," అన్నాడు,
మొహంలో ఏ భావమూ లేకుండా.

ఏప్రిల్‌లో మళ్ళీ పిలిచింది ఎఫీ.
వంటింటి రిమోట్ పిండిలో పడిందట.
మీటల సందుల్లోంచి పిన్నుతో పిండి లాగుతుంటే చెప్పింది:
హెక్టర్ రాత్రి ఆట చూస్తూ చూస్తూ
మధ్యలో ఆపి పడుకుంటాడు.
నాలుగింటికి ఇంకొకరి పడవ మీద కూలికి వెళ్ళే ముందు
మర్డాక్ టీవీ పెడితే
ఆట సరిగ్గా అక్కడే ఆగి ఉంటుంది.
అక్కణ్ణించి చూస్తాడు.
"మొదట్లో తిట్టుకున్నాడు. ఇప్పుడు వాడూ ఆపి వెళ్తున్నాడు.
నిన్న ఆట చివరిదాకా చూసి, వెనక్కి తిప్పి మరీ,
పక్ గాల్లో ఉండగా, వలకి జానెడు దూరంలో ఆపేసి పోయాడు.
నా సీరియల్ పెట్టుకుందామంటే అదే నిలబడి ఉంది.
తీసేయడానికి చెయ్యి రాలేదు."

మాట్లాడుకుంటున్నారా అని అడిగాను.
"ఎక్కడా!" అంది. పొయ్యి వైపు తిరిగింది.

వెళ్ళే ముందు పైన గీతలు చూద్దామని ఎక్కాను.
ఐదూ ఉన్నాయి.
కన్నంలో మేజోడు కూడా ఉంది.
కాకపోతే ఇది ఎర్రది.