అచ్చుకప్ప

గుడిపాల రోడ్డులో, గుజ్జు ఫ్యాక్టరీకి ఇవతల
నా జిరాక్సు అంగడి.
జూన్ నెల. తోతాపురి ట్రాక్టర్లు
రెండు రోజులుగా కదల్లేదు.
కాయలు కింద నుంచి మెత్తబడతా ఉండాయి.

టోకెనుకు నకలు కావాలని వచ్చిన పెనుమూరు పిల్లోడు హేమాద్రి.
ఒక పక్క పడింది. రెండో పక్కకు కరెంటు పోయింది.
స్టూలు మీద కూలబడి
సెల్లులో నాకొక కప్పను చూపించినాడు.

"దీనికి సొంతంగా ఏమీ రాదుక్కా.
ఎదుటిది ఏం కొడితే అదే నేర్చుకుంటాది."

ముందు దూకితే దండగంట.
ఎదుటి జంతువు ఇంకా కాలు కదపకముందే కాపీ కొడితే
‘ఫలించలేదు’ అని పడతాది తెర మీద.
నిలబడాల. మొదటి దెబ్బ తినాల.
తిన్నాక ఆ నిప్పు నీదే,
ఐదంటే ఐదు సార్లు.
పోరు ముగిస్తే మళ్ళా ఉత్త కప్ప.

ఇంకో రకం ఉండాదంట, రూపమే మార్చేసేది.
కొమ్ములు, రెక్కలు, ఉరుకు, ఉరుము
అన్నీ దిగుతాయి, ప్రాణం తప్ప.
పైకి ఏనుగైనా
లోపల కప్పకున్నంత ఊపిరే.

నవ్వొచ్చింది నాకు.
పదకొండేండ్లుగా చేస్తా ఉండే పనే కదా,
పాసుపుస్తకాలు, మార్కుల లిస్టులు, చావు సర్టిఫికెట్లు.
సంతకం వంకరతో సహా దిగుతాది.
ఆ నకలు చూపిస్తే బ్యాంకులో
కుర్చీ కూడా వెయ్యరు.

మూడు గంటలప్పుడు ఆటలో ఎవడో తగిలినాడు, ఏ ఊరోడో.
వాడిదీ కప్పే.

ఇది దాన్ని చూసింది. అది దీన్ని చూసింది.
ఫలించలేదు.
ఫలించలేదు.
మంగలంగట్లో ఎదురెదురు అద్దాలు
మధ్యాన్నం గిరాకీ లేనప్పుడు
ఒకదాన్నొకటి చూసుకున్నట్టు.
ఐదూ అయిపోయినాయి ఇద్దరికీ.

"ఇప్పుడు చూడక్కా" అన్నాడు గోరు కొరుక్కుంటా.

ఏ విద్యా మిగలని జంతువు
ఊరికే కూచోదంట.
ఒళ్ళు విదిలించుకోని మీద పడతాది.
దెబ్బలో కొంత ఎదుటిదానికి, కొంత తనకే.
అది ఎవురూ నేర్పింది కాదు.
దాన్ని మాత్రం
ఏ కప్పా కాపీ కొట్టలేదు.

రెండూ అట్ల పడినాయి గుడ్డిగా,
ప్రతి దెబ్బకీ తామే తగ్గిపోతా.
నేను లేచి నిలబడినానని
స్టూలు తగిలినాక తెలిసింది.

గెలిచిందెవరో చూసేలోగా
బండ్లు కదిలినాయని కేక.
సగం చెప్పుల్తో పరిగెత్తినాడు వాడు,
సగం నకలు పట్టుకోని.

కరెంటొచ్చి మూత ఎత్తితే
గాజు మీద అసలు టోకెను,
బోర్లా పండుకోని.

ఈగల్లో, పులిసిన కాయల వాసనలో
ట్రాక్టర్ల వెంట పరిగెత్తినాను.
"హేమాద్రీ!" అని అరిస్తే
ముగ్గురు తిరిగి చూసినారు.
ముగ్గురూ వాడు కాదు.