టెన్నిస్ బంతికి క్షమాభిక్ష

బర్నబీలో తెల్లవారుజాము మూడున్నర.
స్టూడియో రేకుల మీద ఎవరో పప్పులు చెరుగుతున్నట్టు వాన.
లోర్న్ హాల్వర్సన్ నా కుర్చీలో కూలబడి
"ఇవాళ ఎవర్ని?" అంటాడు.
కాల్‌షీట్ చదవడు. నా బల్ల మీది రబ్బరు చూసి తెలుసుకుంటాడు.

పదకొండేళ్లుగా ఈ మొహాన్ని మూసేది నేనే.
మొదటి సీజన్‌లో మొప్పలున్న రాయబారి,
మూడో ఎపిసోడ్‌కే గాలి పడక పోయాడు.
తర్వాత గనిలో కూలీ. ఒక్కటే డైలాగు,
అదీ మనుషుల భాష కాదు.
తర్వాత నాలుగు చేతుల వడ్డీ వ్యాపారి.
అందులో రెండు చేతులు వెనక నక్కిన కియోనివి.
ఆ కుర్రాడికి వెల్లుల్లి అంటే ప్రాణం,
మెడ మీద ఆ వాసన ఇంకా పోలేదంటాడు లోర్న్.
ఆ తర్వాత కెప్టెన్ తండ్రి శవం.
శవానికి కూడా ఆడిషన్ ఇచ్చి వచ్చాడు.

ఎవరూ గుర్తుపట్టలేదు.
మా ఇద్దరికీ జీతం ఇచ్చేది అందుకే.

సస్కాచువాన్‌లో వాళ్ళక్క వర్నా
టీవీలో కనబడ్డ ప్రతి వికృతాకారమూ తమ్ముడే అనుకునేది.
ఓసారి ఫోన్ చేసి
"నిన్న నిన్ను మరీ అన్యాయంగా కాల్చారురా" అంది.
నిన్నటి ఎపిసోడ్‌లో అతను లేనే లేడు.
"అవునక్కా, కొంచెం మంట పుట్టింది" అన్నాడు.

జిగురు, రబ్బరు, మళ్ళీ జిగురు.
కనుబొమల పైన చర్మం ఉల్లిపొరలా పల్చబడింది.
ఇక అక్కడ ముళ్ళు అంటించలేనని నిర్మాతలకు రాశాను.
వాళ్ళు ఆ జాతి చరిత్రే మార్చేశారు.
లోకంలో అందరికీ ఉన్న మొహమే మొహం మొత్తుతుంది.
ఇతను మాత్రం
తన మొహానికే మొహం వాచిపోయాడు.

ఈ సీజన్‌లో కాలానికి చిల్లు పడిందట.
చచ్చినవాళ్ళంతా ఒకే గదిలో తేలారట.
అంటే లోర్న్, లోర్న్, ఇంకో లోర్న్.
గని కూలీ బోనులో. రాయబారి న్యాయాసనం మీద.
నేరం ఏమిటన్నది స్క్రిప్టు రంగుని బట్టి:
నీలం కాగితాల్లో దొంగతనం,
గులాబీ కాగితాల్లో రాజద్రోహం.

పొద్దున రాయబారి.
ఎదురుగా లైటు స్టాండు మీద,
కూలీ కళ్ళుండాల్సిన ఎత్తులో
ఒక టెన్నిస్ బంతి.
"నువ్వు చేసింది నాకు తెలుసు" అన్నాడు బంతితో,
"ఎందుకు చేశావో కూడా తెలుసు. వెళ్ళు."
పద్నాలుగు టేకులు.
పదోదానికి ఒక మొప్ప ఊడి నా అరచేతిలోకొచ్చింది.
పన్నెండోదానికి సెట్లో ఎవరూ దగ్గలేదు.

మధ్యాహ్నం మొహం మార్చాను. రెండు గంటల యాభై నిమిషాలు.
అదే బంతి, కాస్త పైకి.
కూలీకి మాటల్లేవు. పొద్దున తనే ఇచ్చిన క్షమాభిక్షని
ఇప్పుడు పుచ్చుకోవాలి, అంతే.
స్పీకర్లోంచి తన గొంతు వస్తోంటే
చదువు రానివాడు తనకొచ్చిన ఉత్తరాన్ని
వేరొకరిచేత చదివించుకుంటున్నట్టు విన్నాడు.
రబ్బరు కింద ఏం జరిగిందో కెమెరాకి అందలేదు.
రాత్రి ఊడదీయబోతే
కళ్ళ కింద జిగురు అప్పటికే వదులైపోయి ఉంది.
చెమట అన్నాడు.
చెమటే అన్నాను.

వెళ్తూ వెళ్తూ ఆ బంతి అడిగాడు.
సామాన్ల గది వాళ్ళు సంతకం పెట్టించుకున్నారు:
బంతి, ఒకటి.
ఇంట్లో కుక్కకి వేశాడట.
పావుగంట కూడా పట్టలేదని
మర్నాడు ఒక ఆకుపచ్చ పీలిక తెచ్చి చూపించాడు,
ఎంత నవ్వాడో.

"ఇవాళ ఎవర్ని?"

కాల్‌షీట్‌లో ఉంది: తలుపు దగ్గర నిలబడ్డ మనిషి.
మనిషంటే మనిషే. మొప్పల్లేవు, ముళ్ళు లేవు.
కొంచెం పౌడరు, అంతే.
అలవాటుగా కళ్ళు మూసుకుని మొహం పైకెత్తాడు.
అద్ది, పక్కకి జరిగాను.
అతను అలాగే ఉన్నాడు.
బయట వాన కాస్త తెరిపిచ్చింది.
అయిపోయింది, లేవమని
ఇంకా చెప్పలేదు.